దిగకుండా వెళ్ళే దారి: ఏలూరు కాలువ గట్టు నుంచి కొల్లేరు రేవు దాకా ఒక చుట్టు

మా బావగారు నడవలేరు, సైకిలు మాత్రం తొక్కగలరు. ఈ మాట చెబితే వినేవాళ్లు ముందు నవ్వుతారు. రెండేళ్ల క్రితం మా అక్క ఫోన్‌లో చెప్పినప్పుడు నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. బావగారి పేరు వెంకటరత్నం. ఏలూరు కాలువ మీద లస్కరుగా పనిచేసి రిటైరయ్యారు. లస్కరు అంటే కాలువకు కాపలా మనిషి. పొద్దున్నే సైకిలుకి పార కట్టుకుని గట్టు వెంట వెళ్ళడం, తూముల దగ్గర నీటిమట్టం చూడడం, ఎండ్రకాయలు తవ్విన బొక్కలు కనబడితే గడ్డీ మట్టీ కూరి మూయడం ఆయన ఉద్యోగం. ఆ బొక్కను పట్టించుకోకపోతే అదే పెద్దదై గండి పడుతుంది, చేలు మునుగుతాయి. ఆయన ఆ గట్టును చూసుకున్నంత శ్రద్ధగా నేను నా కొట్టును కూడా చూసుకోలేదు. నాకు తాడేపల్లిగూడెంలో ఎరువుల కొట్టు ఉంది. ఆదివారాలు సైకిలు తొక్కే పిచ్చి, తొక్కిన దారుల గురించి ఇక్కడ రాసుకునే అలవాటు కూడా ఉన్నాయి.

ఆయనకు వచ్చింది పార్కిన్సన్ జబ్బు. చేతుల వణుకు అంతగా లేదు కానీ, కాళ్లు ఉన్నట్టుండి నేలకు అతుక్కుపోతాయి. హాల్లో నాలుగడుగులు వేసి ఆగిపోతారు. ఎదురుగా ఏ అడ్డూ ఉండదు, నున్నటి నేల, అయినా కాలు లేవదు. విచిత్రం ఏమిటంటే మేడమెట్లు మాత్రం టకటకా ఎక్కేస్తారు. మెట్లెక్కే మనిషి హాలు దాటలేకపోవడం ఏమిటని, తన మీద కోపంతోనే అలా చేస్తున్నారని మా అక్క కొన్నాళ్లు ఏడ్చింది. ఆ జబ్బు తీరే అంతని డాక్టరుగారు చెప్పాక గానీ అక్క మనసు కుదుటపడలేదు. సైకిలు సంగతీ అలాంటిదే. ఎక్కించి ఒక్క తోపు తోస్తే చాలు, పాతికేళ్ల కుర్రాడికి తీసిపోకుండా వెళ్ళిపోతారు. చిక్కంతా ఎక్కడంలోనూ దిగడంలోనూ ఉంది. పోయిన వేసవిలో ఇంటి ముందే దిగబోయి పడ్డారు, మణికట్టు విరిగింది. ఇంకొక్కసారి పడితే సైకిలు ఎవరికైనా ఇచ్చేస్తానని అక్క ఒట్టు పెట్టుకుంది. కానీ కార్తీకంలో నేను ఏలూరు వెళ్ళినప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని, ఈమధ్య బాగా సన్నబడిపోయిన గొంతుతో అడిగారు.

"ప్రసాదూ, నా చుట్టు ఒక్కసారి తిరిగి రావాలని ఉందయ్యా. వచ్చే ఏటికి ఈ మాత్రం కూడా ఉండనేమో."

ఆయన చుట్టు అంటే ఉద్యోగం రోజుల్లో తిరిగిన దారి, మొత్తం ముప్పై ఎనిమిది కిలోమీటర్లు. ఏలూరు నుంచి కాలువ గట్టు మీద తూర్పుగా పదహారు కిలోమీటర్లు వెళ్ళాలి. అక్కడ వంతెన దగ్గర కుడివైపు తిరిగి, చేపల చెరువుల మధ్య ఐదు కిలోమీటర్లు దక్షిణంగా వెళితే కొల్లేరు అంచున పాటిలంక రేవు వస్తుంది. బల్లకట్టు మీద పాయ దాటి, అవతలి ఒడ్డు నుంచి తమ్మిలేరు గట్టు పట్టుకుని మళ్ళీ ఏలూరు చేరాలి. దారంతా చదునే, ఎత్తులూ పల్లాలూ లేవు. మామూలుగా తొక్కేవాళ్లకు మూడున్నర గంటలు చాలు. చరిత్ర మీద ఇష్టం ఉన్నవాళ్లు ఈ దారిని తప్పకుండా చూడాలి. ఉత్తరాన ఉన్న పెదవేగి, దెందులూరు ఒకప్పటి వేంగి రాజ్యానికి నడిబొడ్డు. అటువైపు పొలాల్లో నాగలి కాస్త లోతుగా దిగితే ఇప్పటికీ మూరెడు పొడవు పాత ఇటుకలు బయటపడతాయి. వంతెన దగ్గరే వెనక్కి తిరిగి, వచ్చిన దారినే వస్తే దూరం తగ్గుతుంది కదా అని నేనంటే బావగారు ఒప్పుకోలేదు. "వెళ్ళేటప్పుడు కనబడని బొక్క వచ్చేటప్పుడూ కనబడదయ్యా. లస్కరు ఎప్పుడూ రెండో గట్టునే రావాలి" అన్నారు. రిటైరై ఇన్నేళ్లయినా ఆయన కళ్లు ఇంకా బొక్కలే వెతుకుతున్నాయి.

ఒక ఆదివారం నేనొక్కడినే ఆ దారి చూసి రావడానికి బయలుదేరాను. తాడేపల్లిగూడెం నుంచి ఏలూరుకి రైల్లో గంటలోపే వెళ్ళవచ్చు. నా రెండో సైకిలు అక్క ఇంట్లోనే ఉంటుంది. మామూలుగా నేను దారి చూసేటప్పుడు నీడ ఎక్కడుంది, టీ ఎక్కడ దొరుకుతుంది అని రాసుకుంటాను. ఈసారి ఒక్కటే రాసుకున్నాను, ఎక్కడెక్కడ సైకిలు దిగాలి అని. తూము మీద ఇరుకు పలక ఉన్నచోట దిగాలి. పశువులు తిరక్కుండా గడలు కట్టినచోట దిగాలి. ఇంకా ముందున్న వంతెన దగ్గరా లారీల కోసం ఆగాల్సిందే, ఆగితే దిగాలి. పది కిలోమీటర్లు వచ్చేసరికే అలాంటి చోట్లు ఎనిమిది అయ్యాయి. గట్టు పక్కన రెల్లు పందిరి కింద టీ కాస్తున్న ఒక పెద్దాయన దగ్గర కూలబడి, ఈ పని అయ్యేది కాదనుకున్నాను.

ఆ పెద్దాయన నా కాగితం చూసి ఏమిటని అడిగారు. చెప్పాను. ఆయన పేరు అప్పారావు. తీరా చూస్తే ఆయనా ఒకప్పుడు లస్కరే, బావగారి పక్క సెక్షను.

"రత్నంగారా అండీ! ఆయన ఎప్పుడు దిగారండీ సైకిలు?" అన్నారు అప్పారావుగారు టీ గ్లాసు నా చేతిలో పెడుతూ. "గట్టు మీద రాళ్లున్నాయి చూడండి, పాత ఫర్లాంగు రాళ్లు. ఎడం కాలు రాయి మీద పెట్టి, సీటు మీద కూర్చునే ఆగేవాళ్లమండీ. నీళ్లు చూసుకోవడం, బీడీ కాల్చుకోవడం, పేపరు చదువుకోవడం అన్నీ అలాగే. దిగితే మళ్ళీ ఎక్కాలి కదండీ, రోజుకి యాభైసార్లు ఎవరు ఎక్కుతారు?"

అదే రాళ్ల పక్కగా నేను రెండు గంటలు వచ్చాను. ఒక్కటి కూడా కంటికి ఆనలేదు. కాస్త దూరం వెనక్కి వెళ్ళి చూసుకుని, ఆ తరవాత రేవు దాకా దారంతా చూసుకుంటూ వెళ్ళాను. రాళ్లు గడ్డిలో మునిగిపోయి ఉన్నాయి కానీ ఉన్నాయి. ఇరుకు పలకల దగ్గర తూము గోడ మీద, వంతెన దగ్గర వంతెన గోడ మీద కాలు ఆన్చుకోవచ్చు, నేను వెనక నుంచి సైకిలు పట్టుకుని నడిపించవచ్చు. గడలు ముందు రోజు విప్పి ఉంచుతానని అప్పారావుగారు మాటిచ్చారు. మళ్ళీ మొదటి నుంచి లెక్క వేసుకుంటే తప్పనిసరిగా దిగాల్సిన చోటు ఒక్కటే మిగిలింది, అది పాటిలంక రేవు. అక్కడ రాయి లేదు, గోడ లేదు. ఒడ్డు నుంచి ఒక చెక్క వాలు దిగాలి, రెండు పడవల మీద బల్లలు పరిచిన కట్టు ఎక్కాలి, చుట్టూ నీళ్లు. అక్కడ ఆయన కాళ్లు ఆగిపోతే ఏమవుతుందో ఊహించుకోవడానికే భయం వేసింది.

ఆ సాయంత్రం వంటింట్లో అక్కకు చెప్పాను. అక్క స్టౌ తగ్గించి, "రేవు ఆగిపోయిందని చెప్పరా తమ్ముడూ. ఉందని తెలిస్తే ఆయన ఆగరు. నేను ఆటోలో రేవు దాకా వస్తాను, అక్కడి నుంచి ఇంటికి తీసుకొచ్చేద్దాం" అంది. నేను హాల్లోకి వెళ్ళి అలాగే చెప్పాను. ఆయన నా ముఖం కేసి చూసి, "అలాగా" అన్నారు. అంతే.

డిసెంబరు మొదటి ఆదివారం ఉదయం ఐదూ నలభై ఐదుకి బయలుదేరాం. ఈ ప్రయాణానికి అదే సరైన కాలం. వానలు వెనకబట్టి ఉంటాయి, తొమ్మిది దాటితే గానీ ఎండ చురుక్కుమనదు. వీధి అరుగు పక్కన సైకిలు ఆపి, అరుగు మీద నుంచే ఆయన సీటు మీదికి చేరారు. నేను ఒక తోపు తోశాను. అంతవరకూ వంగి, చేతులు దగ్గరకు ముడుచుకుని ఉన్న మనిషి నాలుగు తొక్కుళ్లకే నిటారుగా అయిపోయారు. నేను వెనక ఉన్నాను. రోడ్డు మీద వెళ్ళేవాళ్లలో ఒక్కరు కూడా ఆయన్ని జబ్బుమనిషి అనుకొని ఉండరు. ఆ సంగతి నాకంటే ఆయనకే బాగా తెలుసు.

గట్టు మీద మంచు పట్టి ఉంది. కాలువ అవతల సార్వా వరి కోతలు సగం అయ్యాయి, పనలు చేలల్లో పడి ఉన్నాయి. రెండు కిలోమీటర్లకు ఒకసారి ఏదో ఒక రాయి దగ్గర ఎడమ కాలు ఆన్చి ఆగుతారు. గడ్డిలో దాక్కున్న రాయి నాకు కనబడదు, ఆయనకు కనబడుతుంది. ఎనిమిదో కిలోమీటరు దగ్గర ఆగి, లోపలి వాలు కేసి వేలు చూపించారు. నీటి అంచుకి జానెడు పైన ఎండ్రకాయ బొక్క.

"ఇప్పుడున్న వాళ్లు చూసుకుంటార్లెండి బావగారూ" అన్నాను.

"ఎవరున్నారయ్యా ఇప్పుడు? నేను దిగలేను. నువ్వు మూయి."

నేను దిగాను. ఎరువుల కొట్లో బస్తాలు ఎత్తించడమే గానీ ఎత్తిన చేతులు కావు నావి. గుప్పెడు మట్టి తీసి బొక్కలో కూరబోయాను.

"అలా కాదు. ముందు గడ్డి చుట్టి లోపలికి పొడు. ఆ తరవాత మట్టి. కాలి మడమతో తొక్కు. ఇంకా. ఊఁ, ఇప్పుడు చాలు."

మోచేతుల దాకా బురద చేసుకుని పైకి వచ్చాను. ఆయన ఆ బొక్క మూసినచోటును చాలాసేపు చూశారు. "బాగా చేశావు" అన్నారు. అరవైకి దగ్గరవుతున్న నాకు ఆ మాట ఎంత తీపిగా ఉందో చెబితే మీరు నవ్వుతారు.

అప్పారావుగారు గడలు విప్పి ఉంచడమే కాదు, తన పందిరి ముందు ఒక పాత బల్ల కూడా వేసి ఉంచారు. దాని మీద కాలు పెట్టుకుని, సీటు దిగకుండానే బావగారు టీ తాగారు. నీళ్లు ఎప్పటిదాకా వదులుతారని ఒకరు అడిగితే, దాళ్వాకి, అంటే రెండో పంటకి, ఇవ్వకపోవచ్చని ఇంకొకరు అన్నారు. బయలుదేరేటప్పుడు అప్పారావుగారు సైకిలు వెనక చెయ్యి వేసి, "నే తోస్తానుండండి" అని నన్ను పక్కకు జరిపారు. ఎనిమిదింటికి వంతెన చేరాం. అక్కడ అక్క ఆటోలో ఎదురుచూస్తోంది, ఇంట్లో చేసిన ఇడ్లీలు తెచ్చింది. వంతెన గోడకు సైకిలు ఆన్చి, ఆయన నోటికి తనే అందించింది. ఆటో అర రోజుకి పన్నెండు వందలకు కుదిరింది. మీతో జబ్బుమనుషులు ఎవరూ లేకపోతే ఆ ఖర్చు మీకు ఉండదు.

వంతెన నుంచి రేవు దాకా ఉన్న ఐదు కిలోమీటర్లు చూడడానికి అంత అందమైనవి కావు, ముందే చెబుతున్నాను. ఇరువైపులా చేపల చెరువులు, చెరువుల్లో నీళ్లు చిలికే యంత్రాల రొద, మేత వాసన, ఐసు లారీలు. ఒకప్పుడు ఇదంతా సరస్సే. కొల్లేరు ఏదీ అని అడిగితే ఇక్కడి వాళ్లు ఇంకా ముందుకి, ఇంకా ముందుకి అని చెయ్యి చూపిస్తారు. చివరికి కరకట్ట ఎక్కాక ఒక్కసారిగా నీళ్లు కనబడతాయి. గుర్రపుడెక్క మొక్కల మధ్యలో తెల్లగా గూడబాతులు, నీటి అంచున ఎర్రకాళ్ల కొంగలు. బావగారు సైకిలు ఆపలేదు కానీ, తొక్కడం మానేసి దాన్ని దాని మానాన పోనిచ్చారు. ఆయన భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారని వెనక నుంచే తెలిసింది. నేను దగ్గరకు వెళ్ళలేదు.

తొమ్మిదింటికి రేవు చేరాం. అది అవతలి ఒడ్డున ఉంటే అబద్ధం నిలుస్తుందనుకున్నాం గానీ, బల్లకట్టు అప్పుడే అవతలి ఒడ్డు నుంచి వస్తోంది. దాని మీద రెండు మోటారు సైకిళ్లు, గడ్డిమోపులు, నలుగురు ఆడవాళ్లు ఉన్నారు. బావగారు రేవు గుంజకి చెయ్యి ఆన్చి ఆగారు. నేను నేల చూపులు చూస్తున్నాను. ఆటో దిగి వచ్చిన అక్క కూడా అంతే.

"ఆగిపోయిందన్నావుగా" అన్నారు.

"నేనే చెప్పమన్నానండీ" అంది అక్క. "వాడి తప్పేం లేదు. నాకే భయం వేసి..."

"నాకు ఆ వేళే తెలుసు. ఈ రేవు ఆగితే లంకవాళ్లు పిల్లల్ని బడికి ఎలా పంపుతారు?" ఆయన గొంతులో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. "జబ్బు వచ్చిన దగ్గర్నుంచీ అందరూ నాతో మంచిమాటలే చెబుతున్నారు. ఉన్నమాట ఎవరూ చెప్పట్లేదు. వెళ్ళనివ్వకపోతే వెళ్ళను. కానీ ఆ మాట నాతోనే అనండి."

అక్క కొంగుతో ముఖం తుడుచుకుంది. "వెళదాం పదండి. నేనూ వస్తాను" అంది. ఆటో అతన్ని ఖాళీ బండితో ఏలూరు మీదుగా చుట్టూ తిరిగి అవతలి ఒడ్డుకి రమ్మన్నాం.

బల్లకట్టు నడిపే అతని పేరు ఏడుకొండలు. మనిషికి పది రూపాయలు, సైకిలుకి పది. అతనూ నేనూ చెరోవైపు పట్టుకుని బావగారిని సీటు మీద నుంచి దించాం. నేల మీద నిలబడగానే ఆయన మళ్ళీ ఆ పాత మనిషి అయిపోయారు, నడుం వంగింది. చెక్క వాలు ముందు నిలబెట్టి నేను చంకలో చెయ్యి వేయబోయాను.

"వదిలెయ్యి. కిందికి చూడనీ."

ఆ వాలు మీద, తడిసినప్పుడు కాళ్లు జారకుండా అడుగుకొక బద్ద అడ్డంగా కొట్టి ఉంది. ఆయన మొదటి బద్దను చూశారు. కాలు లేచింది, దాన్ని దాటింది. రెండోది దాటింది. మూడు, నాలుగు, ఐదు. ఇంట్లో నాలుగు గజాల హాలు దాటడానికి పావుగంట పట్టే మనిషి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, నీళ్ల మీద వాలు దిగి, బల్లల సందులు ఒక్కొక్కటీ దాటుకుంటూ బల్లకట్టు నడిమధ్యకు వెళ్ళి నిలబడ్డారు. నాకు ఎక్కడ భయం వేసిందో, ఏ చోటు కోసం అబద్ధం ఆడానో, సరిగ్గా అక్కడే ఆయన నడిచారు. అక్క రెండు చేతులతో నోరు మూసుకుంది.

అవతలి ఒడ్డున వాలు ఎక్కడం కూడా అలాగే అయింది. కానీ వాలు అయిపోయి మట్టినేల మొదలైనచోట కాళ్లు టక్కున ఆగిపోయాయి. వెనక మోటారు సైకిలు వాళ్లు ఎదురుచూస్తున్నారు. నేను కంగారుపడ్డాను. ఏడుకొండలు మాత్రం చేతిలో ఉన్న గడకర్రను ఆయన పాదాల ముందు అడ్డంగా నేల మీద పెట్టాడు.

"బద్దలున్నంతసేపూ నడిచారు కదండీ. బద్ద లేకే ఆగారు. ఈ కర్ర దాటండి బాబాయిగారూ" అన్నాడు.

దాటారు. అతను కర్ర తీసి మళ్ళీ ముందు పెట్టాడు. మళ్ళీ దాటారు. మూడోసారి అక్క ముందుకి వచ్చి, "ఇలా ఇవ్వు బాబూ" అని ఆ కర్ర తన చేతిలోకి తీసుకుంది. చీర కుచ్చిళ్లు బురదలో పడుతున్నా చూసుకోకుండా, వంగి కర్ర పెట్టడం, తీయడం, మళ్ళీ పెట్టడం. ఇరవై అడుగుల దూరంలో ఒక పాత రాతిదిమ్మె ఉంది, అక్కడి దాకా అలాగే తీసుకెళ్ళింది. ఆ దిమ్మె మీద నుంచి ఆయన్ని సైకిలు ఎక్కించాం, అక్క ఆటో వచ్చేదాకా రేవులోనే ఆగింది. తమ్మిలేరు గట్టు మీద ఎదురుగాలి ఉంది, మెల్లగా తొక్కుతూ మధ్యాహ్నం పన్నెండున్నరకు ఇంటికి చేరాం. చుట్టు పూర్తయింది.

ఇది జరిగి కొన్ని నెలలయింది. ఈమధ్య ఆయన సైకిలు మీద కూడా ఒకవైపుకి ఒరిగిపోతున్నారు. ఇక ఎక్కనని ఆయనే చెప్పి, దాన్ని ఏడుకొండలికి ఇమ్మన్నారు. పోయిన నెల నేనే తీసుకెళ్ళి ఇచ్చి వచ్చాను. ఆ దారిలో ఆయన తిరగడం అదే ఆఖరిసారి అని ఆ డిసెంబరులోనే మా ముగ్గురికీ తెలుసు. అక్క ఇంటికి వెళితే ఇప్పుడు ఒక సంగతి చూస్తారు. మంచం దగ్గర నుంచి హాలు మీదుగా స్నానాలగది దాకా అడుగుకొకటి చొప్పున తెల్లటి అడ్డగీతలు ఉంటాయి. రోజూ పొద్దున నేల తుడిచాక, వీధిలో ముగ్గు వేసి, సుద్దముక్కతో లోపల ఈ గీతలు గీస్తుంది. బావగారు ఒక్కొక్క గీతే దాటుకుంటూ తిరుగుతారు. ఇన్నాళ్లూ ఆయన్ని పట్టుకోవడమే సాయం అనుకున్నాం. ఆయనకు కావలసింది దాటడానికి ఒక గీత, దానితో పాటు ఉన్నది ఉన్నట్టు చెప్పే ఒక మనిషి.

ఈ చుట్టు తిరగాలనుకునే వారికి ఒకే ఒక సూచన. పాటిలంక బల్లకట్టు ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు వరకు నడుస్తుంది, గాలి ఎక్కువగా ఉన్న రోజుల్లోనూ నీరు పెరిగినప్పుడూ ఆపేస్తారు. ఫోన్‌లోని మ్యాపును నమ్మకుండా, ముందు రోజు రేవుకే వెళ్ళి కనుక్కోండి. కనుక్కున్న మాటను మీతో వచ్చేవాళ్లకు అలాగే చెప్పండి.